నవ్వించిన సావిత్రి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న మా గురువులకు పాదాభివందనం. మిమ్మల్ని చూస్తుంటే యాభై ఆరేళ్ల వయసులో కూడా చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తోంది. మైకు పట్టుకోవాలి కాబట్టి ఆ పని చేయలేకపోతున్నాను.

కార్యవర్గం వారు ఫోన్ చేసి, "పదిహేను నిమిషాలు మాట్లాడండి, పంపులూ టర్బైన్లూ తప్ప ఏదైనా ఫరవాలేదు" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని ఆ రెండే. అవి తీసేస్తే నా దగ్గర మిగిలేది ఒక్కటే, సావిత్రి గారి మీద అభిమానం. అదే మాట్లాడతానన్నాను. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత, "సరేనండీ, కానీ మరీ ఏడిపించకండి, పండగ సభ కదా" అన్నారు.

ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. సావిత్రి అనగానే మనకు ఏడుపు ఎందుకు గుర్తొస్తుంది? ఆవిడ నన్ను ఏడిపించిన సినిమాలు తక్కువేం కాదు. అయినా నేను ఆవిడకు అభిమానినైంది మాత్రం నవ్వించినందుకే. నవ్వించడంలో ఆవిడ ఎంత గొప్ప పనిమనిషో, అంటే పనితనం ఉన్న మనిషో, మనం సరిగా చెప్పుకోలేదని నా ఫిర్యాదు.

ముందు మన ఊరి వాటా చెప్పుకుందాం. ఆలూరి వెంకట సుబ్బారావు అంటే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో కాని, చక్రపాణి అంటే పెద్దలందరికీ తెలుసు. 1908లో మన తెనాలిలో పుట్టారు. క్షయ జబ్బుతో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగు ఇళ్లలోకి తెచ్చిన మనిషి. నాగిరెడ్డి గారితో కలిసి 1947లో చందమామ పెట్టారు, తర్వాత విజయా సంస్థ నడిపారు. తెనాలి మనిషికి ఉండే వంకర చమత్కారం అంతా ఆయన సినిమాల్లో ఉంటుంది. అందులో కిరీటం లాంటిది 1955 సంక్రాంతికి వచ్చిన 'మిస్సమ్మ'. మూలం 'మానమయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ నాటకం. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, పాటలూ మాటలూ పింగళి, సంగీతం సాలూరు రాజేశ్వరరావు.

ఇక ఇద్దరు కథానాయికలూ మన కాలవల పక్కవాళ్లే. సావిత్రి గారిది చిర్రావూరు. జమున గారు పుట్టింది హంపీలో అయినా పెరిగింది దుగ్గిరాలలో. తెనాలి నుంచి బెజవాడ వెళ్లే రైలెక్కితే దుగ్గిరాల స్టేషన్లో పసుపు వాసన వస్తుందే, ఆ దుగ్గిరాల. కథ మన ఊరివాడిది, నాయికలు మన పక్క ఊళ్లవాళ్లు. మిస్సమ్మను మద్రాసు స్టూడియోలో తీశారన్నది నిజమే కాని, దాన్ని మన మండల వ్యవహారంగా లెక్కేసుకునే హక్కు మనకుంది.

అసలు మేరీ పాత్ర సావిత్రి గారిది కాదు. మొదట భానుమతి గారితో కొంత షూటింగ్ జరిగింది. చక్రపాణి గారికీ ఆవిడకీ పొసగక ఆవిడ తప్పుకున్నారు. అప్పటికి రెండో నాయికగా ఉన్న సావిత్రిని మేరీని చేశారు, ఆ ఖాళీలోకి జమున వచ్చారు. అప్పటికే 'దేవదాసు' వచ్చింది, పార్వతిగా ఊరూరా కన్నీళ్లు పెట్టించింది. ఆ అమ్మాయి చేతికి హాస్యం ఇచ్చారు. ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ప్రాయం.

కథ మీకు తెలిసిందే. ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు. అప్పాపురం జమీందారు బడికి టీచర్లు కావాలి, కాని భార్యాభర్తలై ఉండాలి. మేరీ క్రైస్తవురాలు, ఎం.టి. రావు హిందువు. మేరీ నెత్తిన అప్పు, అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెళ్లాడాలని కూర్చున్నాడు. ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని చెప్పి ఉద్యోగంలో చేరతారు. నవ్వుల కింద ఆకలి ఉంది, చూడండి. ఉద్యోగం లేకపోవడం అనే బాధ లేకపోతే ఆ కథే లేదు.

ఈ విషయం నాకు తట్టింది తెనాలిలో కాదు, అమెరికాలో. పని మీద కొన్నాళ్లు అక్కడ ఉండాల్సి వచ్చింది. ఒక రాత్రి నిద్రపట్టక టీవీ పెడితే పాత నలుపు తెలుపు సినిమా వస్తోంది. 'మై మ్యాన్ గాడ్‌ఫ్రే', 1936 నాటిది. గొప్పింటి తలతిక్క అమ్మాయి ఒకతను చెత్తకుప్పల దగ్గర దొరికితే ఇంటికి తెచ్చి నౌకరుగా పెట్టుకుంటుంది. తీరా చూస్తే అతనూ పెద్దింటి వాడే, ఆ సంగతి దాచి నౌకరీ చేస్తుంటాడు. నాకు నిద్ర పూర్తిగా వదిలిపోయింది. "ఇది మన గుండమ్మ ఇంట్లో అంజి కదా!" అని పైకే అన్నాను. పిండి రుబ్బే ఎన్.టి.ఆర్., పక్కన సావిత్రి కళ్లముందు కనపడ్డారు. ఒకదాన్ని చూసి ఒకటి తీశారని నేను అనడం లేదు. గొప్పవాడు నౌకరు వేషం వేస్తే వచ్చే నవ్వు ఎక్కడైనా ఒకటే అంటున్నాను.

ఆ సినిమాలో అమ్మాయి కరోల్ లొంబార్డ్. అక్కడ ఆ తరహా హాస్యాన్ని స్క్రూబాల్ కామెడీ అంటారు. పేరు బేస్‌బాల్ నుంచి వచ్చింది. బంతి ఇటు తిరుగుతుందనుకుంటే అటు తిరుగుతుంది, మన క్రికెట్లో గూగ్లీ లాగా. 1934లో 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' అనే సినిమాతో ఆ వరస ఊపందుకుంది. అప్పుడు అమెరికా అంతా ఆర్థిక మాంద్యం, బారులు తీరిన నిరుద్యోగులు. పెళ్లికాని ఆడా మగా ఒకే గదిలో తలదాచుకోవాల్సి వస్తే, మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడేస్తారు. మిస్సమ్మలో దుప్పటి అక్కర్లేకపోయింది, మేరీ కోపమే గోడ. ఈ సినిమాలన్నిటిలో ఒక గుణం ఉంది. కథను నడిపేది ఆడది. మగవాడు ఆమె వెనక పరుగెడుతూ అర్థం చేసుకోవడానికి తంటాలు పడతాడు. నవ్వించే బాధ్యతా ఆమెదే, మర్యాద పోకుండా చూసుకోవాల్సిందీ ఆమే. ఆ రోజుల్లో ఆడవాళ్లకు ఇంతకంటే కష్టమైన పాత్రలు లేవని నా అభిప్రాయం.

ఇప్పుడు పనితనం సంగతి. ఇంజనీరుని కదా, ఎలా పనిచేస్తుందో విప్పి చూడకపోతే నాకు తోచదు.

మిస్సమ్మలో రేలంగి ఉన్నారు, రమణారెడ్డి ఉన్నారు, డిటెక్టివుగా అక్కినేని ఉన్నారు. వాళ్లంతా నవ్వించడానికే వచ్చారని మనకు తెలుసు. సావిత్రి మాత్రం తను హాస్య చిత్రంలో ఉన్నట్టు తెలియని మనిషిలా నటిస్తుంది. మేరీకి అన్నీ ప్రాణసంకటాలే. అప్పు నిజం, అబద్ధం చెప్పిన భయం నిజం, బొట్టు పెట్టుకోమంటే వచ్చే చిరాకు నిజం. ఆమె ఎంత నిజంగా విసుక్కుంటే మనకు అంత నవ్వు. ఒక్క చోట "నేను సరదాగా చేస్తున్నానండీ" అని కన్ను గీటినా సినిమా కూలిపోతుంది. మూడు గంటల్లో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు.

రావు దగ్గర జమున సంగీతం నేర్చుకునే ఘట్టాలు చూడండి. మేరీకి రావంటే ఇష్టం లేదు కదా, మరి అసూయ ఎందుకు? ఆ ప్రశ్న ఆమె తనను తాను వేసుకోదు. మనం వేసుకుంటాం. పెదవులు బిగించి కోపం చూపిస్తుంది, కళ్లు ఇంకేదో చెప్తుంటాయి. ఒకే మొహంలో రెండు కథలు. పెట్రోలు ఇంజన్లో పిస్టన్ పూర్తిగా పైకి చేరకముందే, కొద్ది డిగ్రీల ముందు నిప్పురవ్వ పడాలి. చేరాక పడితే శక్తి పోతుంది, మరీ ముందు పడితే ఇంజను కొట్టుకుంటుంది. సావిత్రి మొహంలో భావం, నోట్లోంచి మాట రావడానికి ఆ కాస్త ముందు పుడుతుంది. మాట వచ్చేసరికి మనం నవ్వడానికి సిద్ధంగా ఉంటాం.

ఇంకో సంగతి. అదే రోజుల్లో అరవంలో 'మిస్సియమ్మ' కూడా తయారైంది. అందులో హీరో జెమినీ గణేశన్. ఇక్కడ ఎన్.టి.ఆర్.తో వేసిన విసురు అక్కడ జెమినీతో, వేరే భాషలో, వేరే వేగంతో మళ్లీ వేయాలి. నవ్వు అనేది ఇద్దరి మధ్య పుట్టేది, అవతలి మనిషి మారితే లెక్క మారుతుంది. రెండిటిలోనూ లెక్క తప్పలేదు.

రెండేళ్లకి, 1957లో, కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్'. అందులో సావిత్రి శశిరేఖ, మళ్లీ శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఒక ఆడది, ఆడవేషం వేసిన రాక్షసుడిగా నటించాలి. ఎస్.వి. రంగారావు గారి భుజం విసురు, ఆ కనుబొమ, ఆ అడుగు, అన్నీ పట్టుచీర లోపలి నుంచి కనిపించాలి. పక్కన ఎవరైనా చూస్తే చటుక్కున సిగ్గుపడే పెళ్లికూతురు కావాలి. పెళ్లిపాటలో సుశీల గొంతు సాగుతుండగా మధ్యలో ఘంటసాల గారి మగగొంతు వచ్చే చోట ఆవిడ ఒళ్లంతా ఎలా మారిపోతుందో గమనించండి. పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు రేలంగి విలవిల్లాడతారు, ఆవిడ మొహం మాత్రం ముత్యమంత అమాయకం.

నేను బాపట్లలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో అప్పుడప్పుడు వీడియో అద్దెకు తెచ్చేవాళ్లం. తలా ఐదు రూపాయలు. ఓట్లు వేస్తే ఎప్పుడూ కొత్త సినిమాలే గెలిచేవి. ఒకసారి రెండు కొత్తవి అయిపోయాక రాత్రి రెండు గంటలకి, అద్దె ఎలాగూ కట్టాం కదా అని మాయాబజార్ పెట్టించాను. సగం మంది చాపల మీదే నిద్రపోతున్నారు. పెళ్లి ఘట్టం వచ్చేసరికి నిద్రపోయేవాళ్లు ఒక్కరూ లేరు. మర్నాడు పరీక్ష ఉన్నవాడు కూడా లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. ముప్పై ఏళ్ల నాటి సినిమా, బొమ్మ మీద గీతలు, అరిగిన క్యాసెట్. అయినా పనిచేసింది. ముప్పై ఏళ్లు ఆపకుండా నడిచిన యంత్రాన్ని నా ఉద్యోగంలో నేను ఎక్కువ చూడలేదు.

ఈ అభిమానం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. రేపల్లెలో మా మేనత్త ఉండేది. వేసవి సెలవులివ్వగానే తెనాలిలో రేపల్లె ప్యాసింజరెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి ఆవిడ దగ్గరికి వెళ్లిపోయేవాణ్ణి. ఆవిడ మిస్సమ్మ చూసింది పదిహేడో ఏట. ఆ తర్వాత ఎక్కడ మళ్లీ ఆడినా వెళ్లేది. పెళ్లైన కొన్నేళ్లకే మామయ్య ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. అత్తయ్య మిషను కొనుక్కుని జాకెట్లు కుట్టింది. కుట్టుకుంటూనే ఇద్దరు పిల్లల్ని పెంచింది. మిషను ఎదురుగోడకి సావిత్రి బొమ్మ ఉండేది. కన్నీళ్ల బొమ్మ కాదు, మేరీ విసుగ్గా చూస్తున్న బొమ్మ. "నా కొలతలు తప్పితే ఆవిడ కోప్పడుతుందిరా అల్లుడూ" అనేది.

1981 డిసెంబరు 26న సావిత్రి గారు పోయారు. నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి పోయారు. అప్పుడు నేను మన బళ్లోనే చదువుతున్నాను. రేడియోలో విన్న మర్నాడు ఊరంతా ఒకటే మాట. ఆస్తులు ఎలా పోయాయి, సంసారం ఎలా చెడింది, మందు ఎలా అలవాటైంది. ఎవరూ ఒక్క సినిమా గురించి మాట్లాడలేదు. సంక్రాంతికి రేపల్లె వెళ్తే అక్కడా అదే. మిషను దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, "మంచి ఆడాళ్లకి రాత ఇలాగే ఉంటుంది, నీ సంగతి చూడు" అంది అత్తయ్యతో.

అత్తయ్య మిషను ఆపింది. "పిన్నీ, ఆవిడ ఎలా పోయిందో నాకు చెప్పొద్దు. ఎలా చేసిందో చెప్పు, వింటాను. నా సంగతి కూడా అంతే. ఆయన ఎందుకు పోయాడో అడక్కు, ఈ జాకెట్టు ఎలా కుదిరిందో చూడు" అంది. మళ్లీ మిషను తొక్కింది. నాకు అప్పుడు పన్నెండేళ్లు దాటాయి. ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

2018లో 'మహానటి' వచ్చింది. ఎనభై ఏళ్ల అత్తయ్యని తెనాలి తీసుకొచ్చి చూపించాం. హాలంతా ముక్కులు ఎగబీల్చడమే. నేనూ ఏడ్చాను. కీర్తి సురేశ్ గారు అద్భుతంగా చేశారు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. బయటికొచ్చాక అత్తయ్య అంది, "బాగా తీశారు. ఆ పిల్ల బాగా చేసింది. ఇంటికెళ్లాక మిస్సమ్మ పెట్టు, ఈ బరువు దిగాలి." పెట్టాను. రావు మీదా మేరీ మీదా వాళ్లిద్దరూ చందమామతో ఫిర్యాదు చేసుకునే పాట దగ్గర ఆవిడ పదిహేడేళ్ల పిల్లలా నవ్వింది.

తర్వాత రెండేళ్లకి అత్తయ్య పోయింది. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర, "పాపం, ఏం సుఖపడింది" అన్నవాళ్లే అందరూ. ఆ వరసలో ఒక మూల నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చున్నారు, నాకు తెలియదు వాళ్లు. అడిగితే అత్తయ్య దగ్గర కుట్టు నేర్చుకున్నామన్నారు. ఒకావిడకి ఇప్పుడు సొంత షాపు ఉంది. "మీ అత్తగారు చంక దగ్గర కత్తిరింపు మూడుసార్లు చూసేవారండీ, నాలుగోసారి మిషను మీద పెట్టనిచ్చేవారు" అంది. ఆ రోజు మొత్తం మీద మా అత్తయ్య గురించి ఎవరైనా నిజంగా మాట్లాడారంటే ఆవిడే.

కరోల్ లొంబార్డ్ సంగతి పూర్తి చేయలేదు. ఆవిడా 1908లోనే పుట్టింది, మన చక్రపాణి గారు పుట్టిన ఏడే. 1942 జనవరిలో, యుద్ధ నిధికి బాండ్లు అమ్మి తిరిగి వస్తుంటే విమానం కొండకు గుద్దుకుని చనిపోయింది. ముప్పై మూడేళ్లు. మన సావిత్రి గారు కూడా 1965 యుద్ధం రోజుల్లో ఒంటి మీది నగలు లాల్ బహదూర్ శాస్త్రి గారి చేతికిచ్చి వచ్చిన మనిషి. ఇద్దరివీ అర్ధాంతరపు చావులే. తేడా ఎక్కడంటే, లొంబార్డ్ పేరెత్తితే సినిమా అభిమానులు ముందు నవ్వుతారు, ఆ తర్వాత విమానం గురించి చెప్తారు. మనం సావిత్రి పేరెత్తితే ముందు నిట్టూరుస్తాం. ఆవిడ బతుకుని ఆడపిల్లలకు హెచ్చరికగా వాడతాం. "అంత గొప్పదీ చివరికి ఏమైందో చూశావా" అంటాం. గొప్పది ఎలా అయిందో మాత్రం చెప్పం.

ఆవిడ కష్టాలు అబద్ధమని నేను అనను. వాటిని మరచిపోమనీ అనను. కాని ఒక మనిషి ముప్పై ఏళ్లు పనిచేస్తే, చివరి పంతొమ్మిది నెలల మంచాన్ని ఆ పనికి తలకట్టుగా పెట్టడం న్యాయం కాదు. ఈ హాల్లో ఉన్న మా గురువులనే తీసుకోండి. మీకు వచ్చిన జబ్బుల పేర్లు మాకు అక్కర్లేదు. మీరు బోర్డు మీద గీసిన త్రిభుజం మాకు కావాలి. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అందుకని సంఘానికి ఒక ప్రతిపాదన. ఏడాదికోసారి, అర్ధసంవత్సర పరీక్షలయ్యాక, మన బడి హాల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మిస్సమ్మ వేద్దాం. తర్వాతి ఏడు మాయాబజార్, ఆపై గుండమ్మ కథ. ప్రొజెక్టరు, తెర ఖర్చు నాది. ఒక్కటే షరతు. సినిమాకి ముందు ఎవరూ లేచి సావిత్రి గారి జీవితం గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు. నేను కూడా ఇవ్వను. ఇది తెనాలి మనిషి కథ, ఇద్దరు పక్క ఊరి అమ్మాయిలు చేశారు అని రెండు ముక్కలు చెప్పి దీపాలు ఆర్పేద్దాం. పిల్లలు నవ్వుతారో లేదో చూద్దాం. నవ్వుతారని నా పందెం.

కోశాధికారి గారు తలూపుతున్నారు, అంటే మంజూరైనట్టే.